దాపటి కాలు... వలపటి కాలు

ఉలవచారులో మీగడ వేసుకుని లొట్టలేసే మనం ఒక సంగతి మర్చిపోతుంటాం. ఆ గింజ మొదట ఉడికింది మన కోసం కాదు, గొడ్ల కోసం. కాడి దింపాక ఎడ్లకు ఉలవలు పెట్టి, ఉడికిన నీళ్లు పారబోయడానికి మనసొప్పక పొయ్యి మీద మరగబెట్టుకున్నదే చారు. ఇంగ్లిషువాళ్లయితే ఆ గింజకు ‘హార్స్‌గ్రామ్’ అని గుర్రం పేరే పెట్టేశారు.

కృష్ణా జిల్లాలో ఉలవలున్నాయి. చారుంది. ఎద్దులు కూడా అక్కడక్కడా ఉన్నాయి. మరి గుర్రాలేవీ?

పెళ్లి ఊరేగింపుల్లో తప్ప కనిపించవు కదా అనుకుంటుండగా దివిసీమ నుంచి ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. మా ఊళ్లో ఒక కుర్ర గుర్రానికి పరుగు మధ్యలో కాలు మార్చడం నేర్పుతున్నారు, చూడాలంటే తెల్లవారేసరికి వచ్చెయ్ అని. కాలు మార్చడమేంటి, దానికి నేర్పడమేంటి! నేరుగా వెళ్లిపోకుండా బందరు, గుడివాడల మీదుగా తీరిగ్గా బయల్దేరాను. ఈ డెల్టాలో గుర్రం ఎక్కడ దిగిందో, ఎక్కడ మాయమైందో చూసుకుంటూ పోదామని.

ఓడ దిగిన గుర్రం

బందరు కోట దగ్గర నిలబడితే ఇప్పుడు కనిపించేది బురద, మడచెట్లు, చేపల పడవలు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి సముద్రం వైపు ఇదే వాకిలి. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లిషువాళ్లు 1611లో, ఫ్రెంచివాళ్లు 1669లో ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. వాళ్లందరి కన్నూ మన అద్దకం బట్టల మీద. గోల్కొండ సుల్తానులకు కావాల్సిన సరుకుల్లో గుర్రం ఒకటి. దక్షిణాదిలో యుద్ధానికి పనికొచ్చే గుర్రం దొరకడం కష్టం. పర్షియా నుంచో అరేబియా నుంచో ఓడెక్కి రావాల్సిందే. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లిషు కంపెనీకి ‘బంగారు ఫర్మానా’ ఇచ్చి, ఏడాదికి 500 పగోడాలు కట్టి తన రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకోమన్నాడు. వీళ్లు పర్షియా గుర్రాలు తెచ్చిపెడతారన్న ఆశ కూడా ఆ బేరం వెనకుంది.

అంతకు నూరేళ్ల ముందు శ్రీకృష్ణదేవరాయలదీ ఇదే అవసరం. ఆయన గుర్రాలు పడమటి తీరంలో, పోర్చుగీసువాళ్ల చేతుల మీదుగా దిగేవి. కళింగ దండయాత్ర దారిలో రాయలు ఆగిన శ్రీకాకుళం మన ఘంటసాల పక్కనే ఉంది. ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి ‘ఆముక్తమాల్యద’ రాయమన్నది అక్కడే. ఆ రాత్రి కృష్ణ ఒడ్డున ఎన్ని గుర్రాలు కట్టేసి ఉంటాయో! కావ్యం గురించి చెప్పుకున్నంతగా వాటికి దాణా ఎవరు పెట్టారో మనం చెప్పుకోం.

బందరు తీరం లోతు తక్కువ. పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు, దూరంగా లంగరేసుకునేది. సరుకులు చిన్న పడవల్లోకి దించుకోవాలి. వారాల తరబడి ఓడలో నిలబడి కాళ్లు బిగుసుకున్న జంతువును అలల మధ్య పడవలోకి దించడం, పడవలోంచి బురదలోకి దూకించడం ఊహించుకోండి. అంత కష్టపడి తెచ్చినా ఇక్కడ బతకాలి కదా. పదమూడో శతాబ్దం చివర్లో దక్షిణ తీరం చూసిన మార్కోపోలో, తమిళదేశపు రాజులు ఏటా వేల గుర్రాలు కొంటున్నారనీ, ఏడాది తిరిగేసరికి వాటిలో ఎక్కువ భాగం చచ్చిపోతున్నాయనీ రాశాడు. లాడాలు వేసేవాళ్లు లేరు, సాకడం తెలిసినవాళ్లు లేరు అన్నది ఆయన ఫిర్యాదు. విదేశీయుడి మాట కాబట్టి కొంత తీసేసినా, గుర్రం కొనడానికి డబ్బు చాలు, నిలబెట్టుకోవడానికి చాలదన్న సంగతి మాత్రం నిజమే అనిపిస్తుంది.

అలాగని మనవాళ్లకు గుర్రం గురించి ఏమీ తెలియదనీ కాదు. గుర్రం నడకలను మన పూర్వీకులు అయిదుగా విడదీసి పంచధారలన్నారు. ధౌరితకం, ఆస్కందితం, రేచితం, వల్గితం, ప్లుతం. అమరకోశం వల్లె వేసిన తాతలకు ఈ పేర్లు నోటికొచ్చేవి. మనుమంచిభట్టు ‘హయలక్షణవిలాసం’ అని తెలుగులో గుర్రాల మీద పద్యాల్లో ఒక గ్రంథమే రాశాడు. పేర్లు పుస్తకాల్లో మిగిలాయి. పగ్గం పట్టుకునే చేతిలోని విద్య మాత్రం ఆ చేతితోనే పోయింది.

మంగినపూడి బీచ్‌కి బందరు నుంచి పదకొండు కిలోమీటర్లు. ఆదివారం కావడంతో పిల్లల్ని ఎక్కించుకుని తిప్పే గుర్రం ఒకటుంది. తల వేలాడేసుకుని పోతోంది. ఎటు తిప్పినా ఎడమ పక్కకే తిరుగుతోంది. ఎందుకని అడిగితే దాని యజమాని నవ్వాడు.

‘‘ఎప్పుడూ నేను ఎడమ పక్కనే నడుస్తానండీ. అదలా అలవాటు పడిపోయింది. కుడికి తిప్పితే మొరాయిస్తుంది.’’

అప్పటికి దాన్ని పెద్ద విశేషం అనుకోలేదు.

బండ లాగే కోడె చెప్పిన పాఠం

పెడన మీదుగా గుడివాడ చేరాను. ఒకప్పుడు ఇలాంటి ఊళ్లలో రైలు దిగగానే జట్కాలే ఎదురొచ్చేవి. వెనక గడ్డిపరుపు, మీద గుడ్డ, బరువు ముందుకు పోతే ‘ఎనక్కి జరగండి బాబూ’ అనే జట్కావాలా. డెబ్బయ్యో పడిలో ఉన్నవాళ్లను కదిపితే చాలు, లాడాల చప్పుడు నోటితో చేసి వినిపిస్తారు. టక్ టక్, టక్ టక్. ఆ చప్పుడులో రెండే దెబ్బలు. ఎందుకంటే జట్కా గుర్రానికి నేర్పేది ట్రాట్ ఒక్కటే. ఎదురెదురు మూలల కాళ్లు రెండేసి కలిసి పడే పరుగు అది. అందులో బండి కుదుపు తక్కువ. గుర్రం ఉత్సాహం కొద్దీ దౌడు అందుకుంటే బండి ఎగిరెగిరి పడుతుంది, సవారీలు తిడతారు, వెంటనే కొరడా పడుతుంది. అంటే మన తాతలు చూసిన గుర్రాలకు దౌడు తీయకపోవడమే చదువన్నమాట. ఆటోలు వచ్చాక ఆ చదువూ అక్కర్లేకపోయింది.

గుడివాడలో జంతువుకు పాఠం చెప్పే విద్య మాత్రం ఇంకా బతికే ఉంది. అయితే అది గుర్రాల దగ్గర లేదు, ఒంగోలు జాతి ఎడ్ల దగ్గర ఉంది. సంక్రాంతి రోజుల్లో ఇక్కడ బండలాగుడు పోటీలు జరిగాయంటే జిల్లాలు దాటి జనం వస్తారు. పళ్లను బట్టి విభాగాలు. రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆ పైన పెద్దవి. ఇచ్చిన సమయంలో బండను ఎన్ని అడుగుల దూరం లాగాయన్నదే లెక్క. చూసేవాళ్లకు బలం కనిపిస్తుంది. పెంచేవాళ్లు మాత్రం మలుపు చూస్తారు.

ఊరి శివారులో రెండు పళ్ల కోడెను తయారుచేస్తున్న ఒక రైతు దగ్గర గంటసేపు కూర్చున్నాను. జతలో ఎడమ పక్క కట్టేది దాపటిది, కుడి పక్కది వలపటిది. ఈ సంగతి మన పిల్లలకు తెలియకపోవచ్చు గానీ, సేద్యం చేసిన ఇంట్లో పెద్దవాళ్లకు కొత్త కాదు. ఎడమకు మలిపేటప్పుడు దాపటిది దాదాపు నిలబడిన చోటే అడుగులేయాలి, వలపటిది చుట్టూ తిరిగి రావాలి. ఏది తొందరపడినా జత విరుగుతుంది, ఊపు పోతుంది. అందుకే కొత్త కోడెను ముదురు ఎద్దు పక్కన కడతారు. మొదట బరువుండదు. కాడి మాత్రమే. తర్వాత చిన్న మొద్దు. బండ మాట చాలా రోజులకు గానీ రాదు.

‘‘కోడెలను ఒకే పక్క కడితే ఏమవుతుంది?’’ అని అడిగాను, మంగినపూడి గుర్రం గుర్తొచ్చి.

‘‘ఒంటి పక్కదైపోద్దండి. మెడ అటే తిరుగుద్ది, భుజం అటే బలుస్తుంది. నెలకోసారైనా పక్క మార్చి కట్టాలి. అది ఒప్పుకోదు. మనమే ఓర్చుకోవాలి. ఆ రోజు పని సగమే అవుద్దని ముందే అనుకోవాలి.’’

ఆయన కర్ర పట్టుకున్నాడు గానీ ఆ గంటలో ఒక్కసారీ ఎత్తలేదు. మలుపు రావడానికి మూడు నాలుగు అడుగుల ముందే ఏదో సన్నగా అంటున్నాడు. ఆ మాటతోనే కోడె చెవి వెనక్కి తిరుగుతోంది, అడుగు చిన్నదవుతోంది. మలుపు దగ్గరికొచ్చేసరికి ఆయన చేయాల్సిన పనేమీ మిగలడం లేదు.

సరుగుడు తోపులో చుక్క

గుడివాడ నుంచి పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి. అక్కడ సుబ్రహ్మణ్యస్వామికి దండం పెట్టుకుని పులిగడ్డ దాటితే అవనిగడ్డ, దివిసీమ. కృష్ణమ్మ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసేలోపు చుట్టుకున్న నేల. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఇక్కడ వేల మందిని తీసుకుపోయింది. ఇప్పటికీ పెద్దవాళ్లు ఏ సంగతి చెప్పినా ఉప్పెనకు ముందా, తర్వాతా అనే చెబుతారు.

హంసలదీవి దారిలో, సరుగుడు కొట్టేసిన ఒక ఇసుక మెరక మీద నేను చూడొచ్చిన గుర్రం ఉంది. చోటు అక్కడే ఎందుకంటే, ఈ డెల్టాలో గుర్రాన్ని పరిగెత్తించడానికి నేల దొరకదు. వరి కోశాక పొలం ఖాళీ ఉంటుందనుకుంటాం. ఉండదు. కోతకు ముందే చల్లిన మినుము అప్పటికే మొలిచి ఉంటుంది. నల్లరేగడి వానల్లో లాడాన్ని పీకేస్తుంది, ఎండల్లో నెర్రెలిచ్చి కాలు విరిచేస్తుంది. మిగిలింది రొయ్యల చెరువుల గట్లు, ఈ ఇసుక.

గుర్రం పేరు చుక్క. నుదుటి మీద తెల్లమచ్చ ఉండటంతో అలా పిలుస్తున్నారు. కథియవాడీ జాతి ఆడగుర్రం, చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి. రొయ్యల చెరువులు చేసే ఒకాయన మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా సంతలో ముచ్చటపడి కొన్నారు. ఎక్కేది ఆయన కూతురు, గన్నవరంలో వెటర్నరీ చదువుతోంది. నేర్పేది పోలీసు అశ్వదళంలో పనిచేసి రిటైరైన పెద్దాయన. వాళ్ల నాన్నది అవనిగడ్డలో జట్కా. బండీ గుర్రమూ రెండూ ఉప్పెనలో పోయాయని ఒకే ముక్కలో చెప్పి ఊరుకున్నారు. నేను మళ్లీ అడగలేదు.

ఇంతకీ కాలు మార్చడమంటే? గుర్రం దౌడు తీసేటప్పుడు, అదే క్యాంటర్‌లో, ముందు కాళ్లలో ఒకటి రెండోదానికంటే ముందుకు సాగుతుంది. ఎడమది ముందుంటే దాపట దౌడు, కుడిది ముందుంటే వలపట దౌడు అనుకుందాం. దాపట దౌడులో మొదట కుడి వెనక కాలు ఆనుతుంది. తర్వాత ఎడమ వెనక కాలు, కుడి ముందు కాలు ఒకేసారి. ఆఖరున ఎడమ ముందు కాలు. మూడు దెబ్బలు. ఆ పైన ఒక్క క్షణం నాలుగు కాళ్లూ గాల్లో ఉంటాయి. పరిగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ నేల విడుస్తాయా లేదా అని ఒకప్పుడు పెద్ద వాదమే నడిచింది. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి ఫొటోలు తీశాకే ఆ గొడవ తీరింది.

ఎడమకు తిరిగేటప్పుడు దాపట దౌడు, కుడికి తిరిగేటప్పుడు వలపట దౌడు ఉంటే గుర్రం నిలదొక్కుకుంటుంది. లేకపోతే తూలుతుంది. మరి ఎడమ నుంచి కుడికి మళ్లాలంటే? నడకలోకి దించి, మూడు నాలుగు అడుగులు వేయించి, మళ్లీ కొత్త కాలితో దౌడు ఎత్తించడం ఒక పద్ధతి. దౌడు ఆపకుండా, గాల్లో ఉన్న ఆ ఒక్క క్షణంలోనే నాలుగు కాళ్ల వరసా మార్చేయించడం రెండోది. దీన్నే ఫ్లయింగ్ చేంజ్ అంటారు. స్వేచ్ఛగా వదిలేస్తే పిల్లగుర్రాలు కూడా చేస్తాయి. మీద మనిషి కూర్చున్నాక, ఆ మనిషి అడిగిన చోట చేయడమే కష్టం.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అనుష్ అగర్వల్లా, హృదయ్ ఛెడ్డా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా డ్రెసాజ్‌లో టీమ్ స్వర్ణం తెచ్చారు గుర్తుందా? గుర్రపుస్వారీలో 1982 తర్వాత మనకు వచ్చిన మొదటి స్వర్ణం. ఆ స్థాయి పోటీల్లో ప్రతి నాలుగో అడుగుకీ, తర్వాత ప్రతి మూడో అడుగుకీ గుర్రం కాలు మార్చాలి. ఒలింపిక్స్‌లో అయితే అడుగడుక్కీ మార్చాలి. చూడటానికి గుర్రం పిల్లల్లా ఎగురుతున్నట్టుంటుంది. మన అమ్మాయి ఆ వీడియోను ఫోన్లో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదట. పెద్దాయన ఒక్కసారి చూసి, ‘‘బాగుంది. వీళ్లు ఇది మొదలుపెట్టకముందు ఏం చేశారో ఆ వీడియో ఉందా?’’ అని అడిగారట.

ఆయన మొదలుపెట్టింది చెరువు గట్టు మీద. గట్టు సన్నగా, తిన్నగా ఉంటుంది, గుర్రం పక్కకు వాలడానికి చోటుండదు. ముందు తిన్నటి దౌడు. తర్వాత నడక నుంచి దౌడు, దౌడు నుంచి నడక, కాలు మార్చి మళ్లీ దౌడు. ఆ తర్వాత తలకిందుల పని. గట్టు కుడికి వంపు తిరిగిన చోట కావాలనే దాపట దౌడు మీద ఉంచడం. దాంతో గుర్రానికి నడుం బలం వస్తుంది, తిరగగానే కాలు మార్చేయాలన్న తొందర పోతుంది. ఇవన్నీ అయ్యేసరికి ఎనిమిది నెలలు. చుక్కకు అయిదేళ్లు నిండాయి. గుర్రానికి పళ్లన్నీ వచ్చి నోరు నిండే వయసది. ‘‘నోరు నిండాకే పెద్దమాట నేర్పాలి’’ అన్నారు పెద్దాయన. గుడివాడలో పళ్లు చూసి విభాగం రాసుకునే వాళ్లు ఈయన్ని చూస్తే తమవాడే అనుకుంటారు.

నేను వెళ్లిన తెల్లవారుజామున ఇసుక మీద ఎనిమిది అంకె గీశారు. ఒక సున్నాలో వలపట దౌడు, రెండో సున్నాలో దాపట దౌడు. రెండూ కలిసే చోట మార్పు. కొందరు అక్కడ ఒక గడకర్ర అడ్డం పడేసి దాటిస్తారు, దూకేటప్పుడు కాలు మారిపోతుందని. ఈయనకది నచ్చదు. దూకడం అలవాటైతే కర్ర తీసేశాక కూడా గుర్రం దూకుతూనే ఉంటుందంటారు.

మొదటిసారి చుక్క కలిసే చోటికొచ్చి తల ఎత్తేసింది, పరుగు పెంచింది. రెండోసారి మార్చింది. అమ్మాయి మొహం వెలిగిపోయింది.

‘‘తాతయ్యా, వచ్చింది కదా!’’

‘‘ముందు కాళ్లకొచ్చిందమ్మా. వెనక కాళ్లకు ఇంకా కబురందలేదు.’’

నిజమే. ముందు కాళ్లు దాపట, వెనక కాళ్లు వలపట. గుర్రం నడుం రెండు మెలికలైనట్టు ఎగుడుదిగుడుగా పోతోంది. తెలియనివాళ్లు చూస్తే మార్పు వచ్చిందనే చప్పట్లు కొడతారు. ఈ తప్పు ఒకసారి అలవాటైందంటే దిద్దడం కొత్తగా నేర్పడం కంటే కష్టమట. వెనక కాలు ముందుగా మారాలి, ముందు కాలు దాని వెంట రావాలి. దానికి ఎక్కిన మనిషి కుడి మడమ వెనక్కి జరపాల్సింది గుర్రం గాల్లోకి లేచాక కాదు. ఆఖరి ముందు కాలు నేలనానుతుండగానే. కనురెప్పపాటు ఆలస్యమైనా ఆ అడుగు అయిపోయినట్టే. ‘‘నువ్వు దాన్ని చూసి అడుగుతున్నావు. అందుకే ఆలస్యమవుతోంది. నడుంతో విను’’ అన్నారాయన. వచ్చే దారిలో కూచిపూడిలో ఏ గురువుగారైనా తాళం పట్టుకుని ఇదే మాట అంటుంటారేమో!

ఇంతలో అమ్మాయి వాళ్ల నాన్నగారు బండి దిగారు. ఆయన సంకటం ఆయనది. మేనల్లుడి పెళ్లి దగ్గర పడింది, బరాత్‌కి చుక్కను పెడతానని మాటిచ్చారు. బ్యాండువాళ్లు పది రోజుల్లో డ్యాన్స్ నేర్పేస్తామన్నారట.

‘‘బాబాయ్, ఎలాగూ కాళ్లు ఆడించడమే కదా నేర్పుతున్నారు. పది రోజులు వాళ్లకిస్తే పోయిందేముంది?’’

పెద్దాయన వెంటనే జవాబివ్వలేదు. చుక్క దగ్గరికెళ్లి నోరు తెరిచి పెదవి చివర చూపించారు. పుండు లేదు, కాయ లేదు. ‘‘పది రోజుల తర్వాత ఇక్కడ చూడు బాబూ’’ అన్నారు. చాలాచోట్ల ఆ డ్యాన్స్ నేర్పే తీరు తెలిసినవాళ్లకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. కళ్లెం గుంజి పట్టి, కాళ్ల మీద బెత్తంతో తట్టి, ముందుకు పోనివ్వకుండా అక్కడికక్కడే ఎగిరిస్తారు. డప్పు వినపడగానే గుర్రం ఎగురుతుంది, సంతోషంతో అని మనం అనుకుంటాం. అందరూ అలాగే చేస్తారని అనను. కానీ ఊరేగింపులో గుర్రం ఆడుతుంటే ఈసారి దాని కాళ్లకంటే ముందు నోరు చూడండి.

నాన్నగారు మాట్లాడలేదు. మాటిచ్చిన మనిషి ఇబ్బంది మొహంలో తెలుస్తోంది. అమ్మాయి కూడా ఏమీ అనలేదు, గుర్రాన్ని మళ్లీ ఇసుక మీదికి తీసుకెళ్లింది.

పెద్దాయన వలపట దౌడు అడిగారు. ఒక సున్నా పూర్తయింది. కలిసే చోటికి నాలుగడుగుల ముందు అమ్మాయి ఏదో చేసింది. నాకు కనిపించలేదు. చుక్క చెవి ఒకటి వెనక్కి తిరగడం మాత్రం కనిపించింది, గుడివాడ కోడె చెవిలాగే. పరుగు కొంచెం కుదురుకుంది. ఆ తర్వాతి అడుగులో ఇసుక మీద చప్పుడు తప్పలేదు, తల లేవలేదు, తోక విసరలేదు. ఎడమ కాలు ముందుంది. వెనక కాళ్లూ దాంతోనే ఉన్నాయి.

‘‘దిగు’’ అన్నారు పెద్దాయన.

‘‘ఇంకొక్కసారి తాతయ్యా...’’

‘‘దిగమ్మా.’’

అక్కడే జీను విప్పించేశారు. మరోసారి అడిగితే చెడుతుందట. సరిగ్గా చేసిన వెంటనే పని అయిపోవడమే దానికి మెప్పు అట. నాన్నగారు కాసేపు నిలబడి చూసి, చుక్క మెడ మీద చెమట తన తువ్వాలుతోనే తుడిచారు.

దానికి నచ్చిన పక్క కాబట్టి అంత తేలిగ్గా వచ్చిందని, అసలు కష్టం దాపట నుంచి వలపటకు మార్చడంలో ఉందని అప్పుడు చెప్పారు పెద్దాయన. సంతలో కొనేదాకా దాన్ని ఎవరో ఎడమ పక్క నుంచే నడిపి ఉంటారట. మంగినపూడి గుర్రం సంగతి నేను చెబితే తలూపారు. ఆయన కూడా చుక్కను నెలరోజులు కుడి పక్క నుంచే నడిపారట, మేత కుడి పక్క నుంచే పెట్టారట.

ఆ తర్వాతి గురువారం అమ్మాయి గన్నవరం నుంచి ఫోన్ చేసింది. వలపట నుంచి దాపటకు మార్పు, తను ఇంట్లో ఉన్న మూడు రోజులూ వచ్చిందట. దాపట నుంచి వలపటకు మాత్రం వెనక కాళ్లు ఇంకా ఒక అడుగు ఆలస్యంగానే వస్తున్నాయట. బరాత్‌కి వాళ్ల నాన్నగారు బందరు నుంచి వేరే గుర్రాన్ని మాట్లాడారు.